చెరకు వెళ్ళిన దారి

కిందటి ఏప్రిల్‌లో అమ్మాయి ఈస్టర్ సెలవులకి మదీరా దీవి వెళ్ళాం. లండన్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. పోర్చుగల్ దేశపు భూమే గానీ, ఉండేది మాత్రం మొరాకో తీరానికి పడమరగా, అట్లాంటిక్ మధ్యలో. పొడుగు 57 కిలోమీటర్లు, వెడల్పు 22. అంత చిన్న దీవిలో పీకో రుయివో అనే శిఖరం 1,862 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఏ కొండా అంత ఎత్తు లేదు. సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతం కదా, నేల అనేదే తక్కువ. ఎటు చూసినా నిలబడే ఉంటుంది.

అక్కడ జీపు యాత్రలు బాగా ప్రసిద్ధి. పైకప్పు తీసేసిన పాత ల్యాండ్ రోవర్లలో ఎక్కించుకుని పొద్దున్న తొమ్మిదికి బయల్దేరదీస్తారు. తారు రోడ్లు వదిలేసి, పొలాల దారులూ అడవి బాటలూ పట్టించి సాయంత్రానికి దింపుతారు. నా నడుం సంగతి తెలుసు కాబట్టి నేను వద్దన్నాను. "నాన్నా, బస్సులో కూచుని చూడ్డానికైతే ఇంట్లో టీవీ ఉందిగా" అంది మా అమ్మాయి. మా ఆవిడ కూడా దాని పక్షమే. ఇక తప్పలేదు.

మా జీపులో మేం ముగ్గురం, ఒక జర్మన్ జంట. నడిపేదీ కథ చెప్పేదీ ఒక్కడే, అరవై దాటిన మనిషి. ఎక్కగానే అందర్నీ ఏ ఊరని అడిగాడు. ఇంగ్లండ్ అన్నాను. "అది సరే, అంతకు ముందు?" అన్నాడు నవ్వుతూ. ఇండియాలో తూర్పు తీరం, విశాఖపట్నం దగ్గర అన్నాను. "నాయుడూలు ఉండే చోటా?" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఈయన ఇరవై ఏళ్ళు దక్షిణాఫ్రికాలో కూరగాయల కొట్టు నడిపి వచ్చినవాడట. డర్బన్ నుంచి సరుకు పంపే టోకు వ్యాపారి పేరు చివర నాయుడూ అని ఉండేదట. మదీరా వాళ్ళు జొహానెస్‌బర్గ్‌లో కూరల కొట్లు పెట్టుకోవడం మనవాళ్ళు అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళినంత మామూలు సంగతి అని తర్వాత తెలిసింది.

ఫుంచాల్ ఊరు దాటగానే కమరా ద లోబోస్ అనే జాలరి పల్లె వస్తుంది. 1950లో చర్చిల్ అక్కడ కూచుని బొమ్మలు వేసుకున్నాడని చూపిస్తారు. అక్కణ్ణుంచి కాబో జిరావ్ అనే కొండకొమ్ము మీదికి వెళ్ళాం. 580 మీటర్ల నిట్రమైన గోడ, కింద సముద్రం. అంచున గాజు పలకల నేల వేశారు. అమ్మాయి దాని మీద గెంతుతుంటే నేను రెయిలింగ్ వదల్లేదు.

నా కళ్ళు మాత్రం కింద, కొండ పాదం దగ్గర ఆగిపోయాయి. సముద్రానికీ గోడకీ మధ్య చాపంత జాగాలో పచ్చగా మళ్ళు. ఇటు తిరిగి చూస్తే కొండవాలంతా మెట్లు మెట్లుగా మళ్ళే. ఒక్కో మెట్టుకీ నల్లరాతి గోడ. కొన్ని మళ్ళు మా ఊళ్ళో పెళ్ళిపందిరి అంత కూడా లేవు. వీటిని ఇక్కడ పోయు అంటారు. రాయి పగలగొట్టి గోడ కట్టి, మట్టి బుట్టలతో వీపు మీద మోసుకొచ్చి నింపిందే ప్రతి మడీ.

"ఆ గోడలు కట్టినవాళ్ళకి నేల మీద హక్కు లేదు" అన్నాడు గైడు. కొలోనియా అనే కౌలు పద్ధతి ఒకటి ఉండేదట. నేల దొరది. గోడలూ చెట్లూ గుడిసే రైతువి. పంటలో సగం దొరకివ్వాలి. కట్టిన గోడకి రైతు యజమానే, కానీ గోడ వెనకున్న మట్టికి కాదు. మన సగపాలు కౌలు ఎరిగినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఆశ్చర్యమల్లా అది ఎంతకాలం నడిచిందన్నదే. 1974లో లిస్బన్‌లో విప్లవం వచ్చాక గానీ ఆ పద్ధతి రద్దు కాలేదు. మా గైడు అప్పటికి బడికెళ్ళే పిల్లవాడు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి.

పోర్చుగీసు వాళ్ళు 1419లో దిగేసరికి మదీరాలో మనుషులు లేరు. తీరం నుంచి శిఖరం దాకా అడవే. మదీరా అన్న మాటకి అర్థం కూడా కలప అనే. వచ్చినవాళ్ళు సాగు కోసం అడవికి నిప్పు పెట్టారు. ఆ మంట ఏడేళ్ళు ఆరలేదని దీవిలో కథ. ఏడేళ్ళన్నది అతిశయోక్తే కావచ్చు. మంట చేతులు దాటిపోయిందనీ, కొందరు వాగుల్లో దూకి ప్రాణాలు దక్కించుకున్నారనీ 1450లలో వచ్చిన వెనిస్ వర్తకుడు కాదమోస్తో రాసిపెట్టాడు.

కాలిన నేలలో మొదట గోధుమ వేశారు. తర్వాత చెరకు. 1452లో నీటితో తిరిగే గానుగకి అనుమతి ఇచ్చిన పత్రం ఉంది. ఆ తర్వాత యాభై ఏళ్ళలో ఐరోపాకి చక్కెర పంపే ఊళ్ళలో ఫుంచాల్ ముందు వరసకి వచ్చింది. ఆ ఊరి చిహ్నం మీద ఇవ్వాళ్టికీ అయిదు చక్కెర దిమ్మలుంటాయి. అక్కడి చర్చి కళల మ్యూజియంలో ఉన్న ఫ్లాండర్స్ చిత్రాలు చక్కెర వ్యాపారపు డబ్బుతో వచ్చినవే. 1478లో జెనోవా వర్తకుల తరఫున చక్కెర కొనడానికి ఒక కుర్ర ఉద్యోగి మదీరా వచ్చాడు. పక్క దీవి పోర్తో సాంతో పాలకుడిగా ఉండిన మనిషి కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. అతని పేరు క్రిస్టఫర్ కొలంబస్. 1493లో రెండోసారి సముద్రం దాటేటప్పుడు కెనరీ దీవుల నుంచి చెరకు ముక్కలు ఓడలో వేసుకుని వెళ్ళాడంటే, ఆ పంట విలువ అతనికి ఎక్కడ తెలిసిందో వేరే చెప్పక్కర్లేదు.

పాకం కాచడానికి కట్టెలు కావాలి. ఒక పాలు చక్కెర తీయడానికి కనీసం యాభై పాళ్ళ కట్టె కాలేదని లెక్క కట్టిన చరిత్రకారులున్నారు. మా అనకాపల్లి వైపు బెల్లం కాచేచోట పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే ఎగదోస్తారు కాబట్టి నాకీ లెక్క మొదట నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ మాత్రం అడవినే ఎగదోశారు. 1506 ప్రాంతంలో దిగుబడి శిఖరానికి చేరింది. మరో పాతికేళ్ళు తిరక్కుండానే కుప్పకూలింది. పెట్టుబడి ఓడెక్కి సావో తోమే దీవికీ, అక్కణ్ణుంచి బ్రెజిల్‌కీ పోయింది. మదీరాలో ద్రాక్షతోటలు మిగిలాయి.

మన దగ్గర ఇంటి వెనక గానుగ ఆడించుకునే పంట, ఇక్కడ వేరే రూపం ఎత్తింది. తెచ్చి పెట్టిన బానిసలు, ఒకే పంట, దూరపు మార్కెట్, అప్పు పెట్టుబడి, నేల అలిసిపోతే మరో దీవి. ఈ పద్ధతికి మొదటి పాఠశాలల్లో మదీరా ఒకటి. ఇక్కడ నేర్చుకున్నదే సముద్రానికి అటువైపు వందరెట్లు పెద్దదయింది.

రిబెయిరా బ్రావా లోయ మీదుగా పైకి వెళ్తూ సెర్రా ద ఆగ్వా అనే ఊళ్ళో జీపు ఆపాడు. పోంషా తాగించే చోటది. చెరకు సారాలో తేనె, నిమ్మరసం వేసి కర్ర కవ్వంతో చిలికి ఇస్తారు. నేను తాగను. గైడు సారా సీసా మూత తీసి వాసన చూడమన్నాడు. చూశాను. మాఘమాసపు రాత్రి, మా పెదనాన్న వాళ్ళ గానుగ దగ్గర, పెనంలో పాకం ముదురుతున్నప్పుడు వచ్చే వాసనలో సగం అందులో ఉంది. మా ఆవిడ నా మొహం చూసి "ఏమండీ, ఏమైంది?" అంది. ఏం లేదన్నాను.

చెరకు రసం కాచి గట్టిపరిచే విద్య మన దేశం నుంచే పడమటికి నడిచింది. పారశీకులు నేర్చారు, వాళ్ళ నుంచి అరబ్బులు, వాళ్ళ వెంట సిసిలీ, స్పెయిన్. అక్కణ్ణుంచి మదీరా. శర్కర అన్న మాట కూడా వెంటే నడిచింది. మన నోట్లో చక్కెర, పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, పోర్చుగీసులో అసూకర్. బెల్లాన్ని ఇంగ్లీషు వాళ్ళు జాగరీ అంటారే, ఆ మాట మలయాళం నుంచి పోర్చుగీసుల నోటి మీదుగానే వెళ్ళింది. వాళ్ళు బదులుగా మనకి అలమార, బొత్తాము, తువాలు ఇచ్చి పోయారు. మేస్త్రీ కూడా వాళ్ళ మాటే. ఈ చివరి మాటతో నాకు మళ్ళీ పనిబడుతుంది.

అక్కడ తారు రోడ్డు వదిలేశాం. యూకలిప్టస్ చెట్ల మధ్య ఎర్రమట్టి బాట. రాత్రి వానకి చక్రాల గాడిలో నీళ్ళు. జీపు ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా అమ్మాయి కేరింతలు, నా నోట ఆంజనేయ దండకం. ఓ మలుపు దగ్గర దింపి, పది నిమిషాలు నడిపించి లెవాడా చూపించాడు.

లెవాడా అంటే పంట కాలవే. కానీ కొండకి మొలతాడు కట్టినట్టు ఉంటుంది. మూరెడు వెడల్పు, మోకాలి లోతు. నీళ్ళు చప్పుడు చెయ్యకుండా నడుస్తుంటాయి. వాలు ఎంత తక్కువంటే, ఆకు వేసి చూస్తే గానీ ఎటు పారుతున్నాయో తెలీదు. పక్కనే మనిషి నడిచేంత గట్టు. గట్టు అవతల లోయ. ఇలాంటి కాలవలు ఈ దీవిలో మొత్తం కలిపి 2,000 కిలోమీటర్ల పైన ఉన్నాయి. వానలూ మంచూ ఉత్తరాన, పంటలు దక్షిణాన. అటు నీళ్ళు ఇటు తెచ్చేది ఇవే. ఎన్నో చోట్ల కొండని తొలిచి సొరంగంలోంచి తెచ్చారు.

కాలవల్ని కనిపెట్టుకుని ఉండే మనిషిని లెవదెయిరో అంటారు. పూడిక తీస్తాడు, తూము తిప్పుతాడు, ఎవరి వంతు గంటలు వాళ్ళకి వదులుతాడు. గోదావరి కాలవల మీద లస్కరు ఎలాగో ఇతనూ అలాగే. ఒక తేడా ఉంది. ఇక్కడ పాతరోజుల్లో నేలకీ నీటికీ ముడి లేదు. నేల లేనివాడు నీళ్ళ గంటలు కొని, నేల ఉన్నవాడికి అమ్ముకోవచ్చు. ఎండాకాలం అర్ధరాత్రి లాంతరు పట్టుకుని తన వంతు కోసం మడి దగ్గర కాపలా కాయడం గైడు తండ్రికి అలవాటట. ఆ ముక్క వినగానే మా ఊరి చెరువు కింద జరిగిన తగాదాలన్నీ గుర్తొచ్చాయి.

"వీటిని తవ్విందెవరు?" అని అమ్మాయి అడిగింది.

పెద్ద కాలవలు కొన్ని 1940ల తర్వాత ప్రభుత్వం కూలి ఇచ్చి తవ్వించినవి. కొండగోడకి తాళ్ళతో బుట్టలు వేలాడదీసి, అందులో కూచుని ఉలితో చెక్కారని చెప్పాడు. అంతకు ముందువి పదిహేనో శతాబ్దం నుంచీ ఉన్నాయి. చెరకు కాలపు కాలవల్ని తవ్వినవాళ్ళలో కెనరీ దీవుల నుంచి పట్టి తెచ్చిన స్థానికులున్నారు, మొరాకో నుంచీ పశ్చిమాఫ్రికా నుంచీ తెచ్చిన బానిసలున్నారు. శిక్ష పడిన ఖైదీలున్నారు. గానుగల యజమానుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. బుట్టలో వేలాడినవాడి పేరు ఎక్కడా లేదు.

అప్పుడు గైడు తన ఇంటి కథ చెప్పాడు. వాళ్ళ ముత్తాతకి అన్న ఒకడు డెమెరారా పోయాడట. తిరిగి రాలేదు. ఉత్తరం కూడా రాలేదు.

డెమెరారా అంటే ఇప్పటి గయానాలో ఒక నది, దాని చుట్టూ ఉన్న చెరకు సీమ. బ్రిటిష్ వాళ్ళు 1834 ఆగస్టు 1 నుంచి బానిసత్వం రద్దు చేశారు. తోటల యజమానులకి కూలీలు కావాలి. 1835లో మొదటిసారి మదీరా నుంచి మనుషుల్ని ఒప్పందం మీద డెమెరారా తీసుకెళ్ళారు. మూడేళ్ళ తర్వాత, 1838లో, కలకత్తా నుంచి మన దేశపు కూలీల మొదటి ఓడలు అక్కడికే చేరాయి. అంటే ఆ తోటల్లో మదీరా వాడూ భారతీయుడూ పక్కపక్క గుడిసెల్లో ఉండి, ఒకే చెరకు నరికారన్న మాట. 1840లలో మదీరాలో బంగాళాదుంప తెగులొచ్చి కరువు పడింది. 1850లలో ద్రాక్షకి తెగులొచ్చింది. అర్ధ శతాబ్దంలో దాదాపు 30 వేల మంది బ్రిటిష్ గయానాకి ఓడెక్కారు. చాలామంది మొదటి ఏడాదుల్లోనే జ్వరాలతో పోయారు. 1870ల చివర్లో హవాయి చెరకు తోటలకీ వెళ్ళారు. వాళ్ళు వెంట తీసుకెళ్ళిన చిన్న వాయిద్యమే అక్కడ యుకులేలి అయింది.

చక్కెర పద్ధతిని ప్రపంచానికి నేర్పిన దీవి, మూడు వందల ఏళ్ళ తర్వాత తన పిల్లల్నే ఆ పద్ధతికి కూలీలుగా పంపింది. చెరకు ముందు వెళ్ళింది, మనుషులు దాని వెనక వెళ్ళారు. మన సంగతీ అంతే కదా. మన నేల నుంచి పడమటికి వెళ్ళిన పంట వెయ్యేళ్ళు తిరిగి తిరిగి మారిషస్‌లో, నెటాల్‌లో, ఫిజీలో దిగి, అక్కణ్ణుంచి మనవాళ్ళకి కబురు పంపింది.

మా తాతగారి చిన్నాన్న ఒకాయన కూడా అలా వెళ్ళాడు. తాత పుట్టకముందే. మా ఇంట్లో ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేవారు, "మేస్త్రీ వెంట పోయి ఓడెక్కేశాడు" అని. ఏ ఓడో, ఏ దేశమో ఎవరికీ తెలీదు. పన్నెండేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క. పోయిన తిథి తెలీనివాళ్ళందరికీ మహాలయ అమావాస్య కదా, ఆ రోజు మా నాయనమ్మ విడిగా ఒక ఆకు వేసేది. ఆయన మొహం ఆవిడ చూడలేదు. అన్నం పక్కన ఒక బెల్లం ముక్క పెట్టేది. ఎందుకని అడిగితే "దూరం వెళ్ళినవాడు కదా" అనేది.

1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వెళ్ళింది మొదలు 1911లో ఆపేసేదాకా నెటాల్‌కి 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పందం మీద వెళ్ళారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల వాళ్ళు అందులో బోలెడు మంది. ఓడల జాబితాలు మిగిలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. కొన్నేళ్ళ కిందట రాత్రిళ్ళు కూచుని వెతికాను. మా వైపు ఇంటికొకరికి ఉండే పేరు ఆయనది. కుడి మోచేతి మీద మచ్చ, ఎడమ కనుబొమ మీద గాటు అంటూ ఆ పేరుగలవాళ్ళు వరసగా వచ్చారు. ఊళ్ళ పేర్లు గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసినవి. వాళ్ళలో మా ఆయన ఎవరో, అసలు ఉన్నాడో లేదో తేల్చుకోలేక ఆపేశాను.

ఇదంతా గైడుకి చెప్పాను. జర్మన్ జంట కూడా మాట్లాడకుండా విన్నారు. "అయితే మీ వాడూ మా వాడూ ఒకే దొర కింద పనిచేసి ఉంటారు" అన్నాడు. కాలమూ దేశమూ కలవవని అనబోయి ఊరుకున్నాను. దొర పేరు చక్కెర అయినప్పుడు ఆయన అన్నది నిజమే.

మధ్యాహ్నం పౌల్ ద సెర్రా పీఠభూమి దాటి ఫనాల్ చేరాం. ఏడేళ్ళ మంటకీ గానుగ పొయ్యిలకీ చిక్కకుండా మిగిలిన అడవి అది. కొండలు నిటారుగా ఉండి మనిషి చెయ్యి ఆడని ఉత్తరపు వైపున ఇలాంటిది దాదాపు 15,000 హెక్టార్లు ఉంది. 1999లో యునెస్కో గుర్తించింది. పొగమంచులో ముసలి చెట్లు నాచు కప్పుకుని వంగి ఉన్నాయి. వాటిలో కొన్ని పోర్చుగీసు వాళ్ళు రాకముందువి అంటారు. వాన లేదు గానీ చెట్ల కింద టపటపమని చినుకులు. మంచుని ఆకులు పట్టుకుని నీళ్ళుగా రాలుస్తాయట. అవే నేలలోకి ఇంకి, ఊటలై, లెవాడాల్లోకి చేరతాయి. చెరకుకి నీళ్ళిచ్చిందీ ఈ అడవే, పాకానికి కట్టె ఇచ్చిందీ ఈ అడవే. కట్టె కోసం నరికినంత మేరా నీళ్ళు పోగొట్టుకున్నట్టే కదా. అంత చిన్న లెక్క అప్పుడెవరికీ తట్టలేదు. ఇప్పుడు మాత్రం మనకి తడుతోందా అంటే చెప్పలేను.

పోర్తో మోనీజ్‌లో భోజనం చేసి, కొత్త రోడ్డు మీద, సొరంగం వెనక సొరంగం దాటుకుంటూ ఫుంచాల్ వచ్చేశాం. పొద్దున్నంతా ఎక్కిన కొండల్ని గంటలో కడుపులోంచి దాటించేశారు. దిగేటప్పుడు గైడు నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయన దొరికితే నాకు రాయండి" అన్నాడు. "మీ ఆయన దొరికినా" అన్నాను. ఇద్దరికీ తెలుసు దొరకరని.

ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ డబ్బా తీశాను. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో దొరికే గోధుమరంగు పలుకుల చక్కెర, బెల్లం రుచికి దగ్గరగా ఉంటుందని ఇరవై ఏళ్ళుగా మేం వాడేది. పొట్లం మీద పేరు డెమెరారా. ఇన్నేళ్ళూ అదో రకం చక్కెర పేరనుకున్నాను.

మొన్న మహాలయ అమావాస్యకి మా అమ్మాయి తనే అడిగింది, "నాన్నా, ఓడెక్కిన తాతకి మనం ఎందుకు పెట్టం?" అని. నాయనమ్మ పోయాక మా ఇంట్లో ఆ ఆకు వెయ్యడం మానేశాం. అరిటాకు ఎక్కడ దొరుకుతుందిక్కడ, స్టీలు పళ్ళెంలోనే పెట్టాం. బెల్లం ఇండియన్ కొట్లోంచి తెచ్చాను. అమ్మాయి రెండు ముక్కలు పెట్టింది. రెండోది ఎవరికని నేను అడగలేదు.